పురుగు ఫోటోకి వెలుగు: గొడుగా, టిఫిన్ మూతా, ఐస్‌క్రీం డబ్బా మూతా?

మాక్రో ఫోటోలు, అంటే చిన్నచిన్న వాటిని బాగా దగ్గరగా తీసేవి, మొదలుపెట్టిన ప్రతివాళ్లకీ మొదటి నెలలోనే ఒక అనుమానం వస్తుంది, లెన్స్ బాగాలేదేమో అని. నాకూ వచ్చింది. బాల్కనీలో కరివేపాకు మొక్క మీదున్న గొంగళిపురుగుని యాభైసార్లు తీస్తే కొన్ని చీకటిగా వచ్చాయి, కొన్ని అలుక్కుపోయాయి. కాస్త బాగా వచ్చిన రెండు మూడింట్లో పురుగు వీపు మీద తెల్లటి మచ్చ, దాని కింద కటిక నలుపు.

లెన్స్ తప్పేమీ లేదని తెలియడానికి రెండేళ్లు పట్టింది. ఈలోపు ఇంట్లోంచి టిఫిన్ డబ్బా మూత ఒకటి, ఇడ్లీ గుడ్డలు రెండు, ఐస్‌క్రీం డబ్బా మూతలు లెక్కలేనన్ని నా కెమెరా సంచిలోకి చేరాయి. వంటింట్లో ఏది కనిపించకపోయినా అమ్మ ఇప్పటికీ ముందు ఆ సంచే వెతుకుతుంది.

పార్కులో, చెరువు గట్టు మీద, ఇంటి పెరట్లో పెద్ద లైట్లూ స్టాండ్లూ లేకుండా పురుగుల్నీ పువ్వుల్నీ దగ్గరగా తీయాలంటే మన చేతిలో ఐదారు దారులున్నాయి. అన్నీ వాడి చూశాను. ఎవరికి ఏది పనికొస్తుందో, ఏది డబ్బు దండగో ఇక్కడ చెబుతాను.

ముందు చిన్న లెక్క

పురుగు ఎంతుందో కెమెరా లోపలి సెన్సర్ మీద బొమ్మ కూడా అంతే పడేంత దగ్గరికి వెళ్లామనుకోండి. దాన్నే 1:1 అంటారు. అక్కడ ఎఫ్/11 పెడితే (లెన్స్ లోపలి రంధ్రం కొలత ఇది, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) సెన్సర్‌కి చేరే వెలుగు ఎఫ్/22 పెట్టినంతే. నాలుగింట మూడు వంతుల వెలుగు కేవలం దగ్గరికి వెళ్లినందుకే పోయింది. పోనీ ఎఫ్/4 పెడదామంటే, ఎఫ్/11లోనే ఫోకస్‌లో ఉండే మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. గెంతే సాలీడు ముందు కళ్లు స్పష్టంగా ఉంటే దాని వెనక కాళ్లు అప్పటికే మసక. ఎఫ్ తగ్గిస్తే ఒక్క కంటితో సరిపెట్టుకోవాలి.

చేత్తో పట్టుకుని తీయాలంటే షటర్ కనీసం 1/250 ఉండాలి, అంటే సెకనులో 250వ వంతే తెరుచుకోవాలి. ఇవన్నీ కలిపి లెక్కేస్తే, నేరుగా పడే ఎండలో ఐఎస్‌ఓ 400 సరిపోతుంది (తక్కువ వెలుగులో పెంచుకునే అంకె ఇది, పెంచేకొద్దీ ఫోటో గరుకు). ఆకాశం కనిపించే నీడలో 3200 కావాలి. దట్టమైన చెట్ల కింద 12800, ఒక్కోసారి అంతకు మించి. అంటే ఎండ ఉంటే గరుకు నీడలు, నీడలోకి వెళ్తే గరుకు ఫోటో. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నప్పుడే గొడుగులూ మూతలూ గుర్తొస్తాయి.

ఏం చూసి ఎంచుకోవాలి?

చాలామంది ముందు వెలుగు బలం చూస్తారు. ఎన్ని వాట్లు, ఎన్ని ల్యూమెన్లు అని అడుగుతారు. నేనైతే దాన్ని చివర్లో చూస్తాను. ముందు చూడాల్సింది పురుగుతో పోలిస్తే ఆ వెలుగు ఎంత పెద్దది అన్నది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా ఇక్కడి నుంచి చూస్తే ఒక చుక్కే, అందుకే ఎండలో నీడలు కత్తితో కోసినట్టుంటాయి. అరచేయంత తెల్ల కాగితాన్ని చీమకి పది సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అది చీమకి ఆకాశం. అదే కాగితాన్ని మీటరు దూరం జరిపితే మళ్లీ చుక్క. పెద్దదిగా, దగ్గరగా అన్న ఈ రెండు మాటలు పట్టుకుంటే సగం పని అయినట్టే.

దీన్ని ఇంట్లోనే పరీక్షించడానికి గురివింద గింజ కంటే మంచి వస్తువు నాకు దొరకలేదు. ఇంచుమించు అక్షింతల పురుగంత ఉంటుంది, ఎరుపూ నలుపూ రెండూ ఉంటాయి, పైన నిగనిగలాడే తొడుగు. దాని మీద కనిపించే తెల్లటి మెరుపు మీ లైటు ఆకారమే. చిన్న గట్టి చుక్క కనిపిస్తే మీ లైటు చిన్నది. అంచులు కరిగిపోయిన వెడల్పాటి మెరుపైతే బాగుంది. గింజ విషం, కాబట్టి చిన్నపిల్లలకి అందకుండా పెట్టండి.

రెండోది, కదలికని ఆపగలదా. హైదరాబాద్‌లో గాలి పూర్తిగా ఆగే సమయం తెల్లవారాక గంటా గంటన్నర. ఆ తర్వాత గడ్డి కొస మీదున్న తూనీగ ఊగుతూనే ఉంటుంది.

మూడోది ఎవరూ చెప్పనిది, ఎన్ని చేతులు కావాలి అన్నది. ఒక చెయ్యి కెమెరాకి పోతుంది. రెండోది లెన్స్ కిందో, ఊగే కొమ్మని ఆపడానికో పోతుంది. ఇక గొడుగు ఎవరు పట్టుకోవాలి, మూత ఎవరు పట్టుకోవాలి? చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండే చిట్కాలు బయటికెళ్లాక పనికిరాకుండా పోయేది ఇక్కడే. నా అనుభవంలో డబ్బు కంటే చేతుల లెక్కే ఎంపికని తేలుస్తుంది.

నాలుగోది, లెన్స్ మూతికీ పురుగుకీ మధ్య ఎంత ఖాళీ మిగులుతుంది. 100 ఎంఎం మాక్రో లెన్స్ అయితే 1:1 దగ్గర పదమూడు, పద్నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది. తిరగేసి బిగించిన మామూలు లెన్స్‌కి నాలుగైదు. ఫోన్‌కి తగిలించే క్లిప్ లెన్స్‌కి రెండు మూడు. ఆ సందులోంచే వెలుగు దూరాలి.

పురుగుకి ఎంత ఇబ్బంది అన్నది కూడా చూడాలి. దాని గురించి అక్కడక్కడా చెబుతాను.

| దారి | మెత్తదనం | కదలికని ఆపడం | కావాల్సిన చేతులు | ఖర్చు |
|---|---|---|---|---|
| మబ్బు, ఉదయపు ఎండ | బాగుంటుంది | తక్కువ | రెండు | లేదు |
| ఎండకి అడ్డంగా తెల్ల గుడ్డ | చాలా బాగుంటుంది | ఫర్వాలేదు | మూడు | దాదాపు లేదు |
| టిఫిన్ మూత, అద్దం, థర్మాకోల్ | వస్తువుని బట్టి | ఫర్వాలేదు | మూడు (టిఫిన్ మూతకి రెండు) | దాదాపు లేదు |
| ఫోన్ టార్చ్, చిన్న ఎల్ఈడీ | గుడ్డ వేస్తే ఫర్వాలేదు | తక్కువ | మూడు | వందల నుంచి వేలు |
| కెమెరా సొంత ఫ్లాష్, తెల్ల మూత | బాగుంటుంది | చాలా బాగుంటుంది | రెండు | దాదాపు లేదు |
| విడి ఫ్లాష్, ఫోమ్ షీట్ | చాలా బాగుంటుంది | చాలా బాగుంటుంది | రెండు | వేలల్లో |

ఏమీ పట్టుకెళ్లకపోవడం

ఇదీ ఒక దారే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బే మనకి పెద్ద డిఫ్యూజర్, అంటే వెలుగుని మెత్తబరిచే తెర. డిసెంబర్, జనవరి ఉదయాల్లో చలికి పురుగులు కదలవు, మంచు బిందువులు కూడా దొరుకుతాయి. చిన్న ట్రైపాడ్ ఉండి గాలి లేకపోతే 1/10 షటర్‌తో కూడా పని జరుగుతుంది. పువ్వులు, నాచు, పుట్టగొడుగులు తీసేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. పురుగుల వాళ్లకి ఇది సరిపోదు.

ఎండకి అడ్డంగా గుడ్డ

ఇడ్లీ గుడ్డ, పాత పంచె ముక్క, ట్రేసింగ్ పేపర్, ఏదైనా పర్లేదు, తెల్లగా ఉంటే చాలు. లేత పసుపు చున్నీ తెల్లగానే ఉంది కదా అనుకుని వాడితే గొంగళిపురుగుకి కామెర్లు వస్తాయి. ఎంబ్రాయిడరీ వేసే చెక్క రింగుకి గుడ్డని బిగిస్తే పట్టుకోవడం సులువు. ఎండకీ పురుగుకీ మధ్య, పురుగుకి జానెడు దూరంలో పట్టుకోవాలి. వెలుగు ఒకటి రెండు స్టాపులు తగ్గుతుంది (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగం), కాబట్టి ఐఎస్‌ఓ 400 కాస్తా 800, 1600 అవుతుంది. ఇప్పటి కెమెరాలకి అదేం లెక్క కాదు.

ఇందులో రెండు చిక్కులున్నాయి. గుడ్డ పురుగు మీద వెలుగునే మెత్తబరుస్తుంది, వెనకున్న గడ్డి ఇంకా మండుటెండలోనే ఉంటుంది. ఫోటోలో వెనకంతా తెల్లగా పేలిపోతుంది. దానికి గుడ్డ బదులు తెల్ల గొడుగు వేస్తే వెనక కొంత భాగం కూడా కప్పుకుపోతుంది. ఇక రెండోది, సీతాకోకచిలుకల మీదుగా నీడ కదిలితే అవి ఎగిరిపోతాయి. తూనీగలు నయం. చాలా తూనీగలు ఎగిరినా మళ్లీ అదే పుల్ల మీదికి వచ్చి వాలతాయి. గుడ్డని ముందే పుల్లకి అడ్డంగా ఏర్పాటు చేసుకుని కూర్చుంటే సరి.

మే నెల మధ్యాహ్నం సంగతి వేరు. మన హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. ఆ రోజుల్లో పురుగు నీడ దాని కడుపు కిందే ఉంటుంది. అప్పుడు పైన గుడ్డ ఒక్కటీ చాలదు, కింద నుంచి కూడా వెలుగు కొట్టాలి. నిజానికి అప్పుడు పురుగు కంటే మనమే ముందు వాడిపోతాం.

టిఫిన్ మూత, రేకు, థర్మాకోల్, అద్దం

అన్నిటికంటే చవకైనవీ, నాకు అన్నిటికంటే ఇష్టమైనవీ ఇవే. ఎండ ఒక వైపు నుంచి పడుతుంటే, నీడ వైపు తెల్లటిదో మెరిసేదో ఒకటి పెట్టి ఆ ఎండనే వెనక్కి కొట్టడం. ఏది పెడితే ఎలా ఉంటుందో తెలిస్తే సంచిలో రెండు వస్తువులు చాలు.

తెల్ల కాగితం, ఫ్రిజ్ కొన్నప్పుడు డబ్బాలోంచి వచ్చిన థర్మాకోల్ ముక్క: వెలుగు తక్కువ, చాలా మెత్తన. పదిహేను సెంటీమీటర్ల కంటే దూరంగా పెడితే పెట్టినట్టే ఉండదు. పచ్చటి ఆకు మీదున్న పురుగు పొట్టకి పచ్చరంగు పులుముకుంటుంది, దాన్ని విరవడానికి ఇదే మందు.

వంటింట్లో వాడే అల్యూమినియం రేకు: నలిపి, మళ్లీ విప్పి అట్టకి అంటించాలి. నలపకపోతే వెలుగు చారలు చారలుగా పడుతుంది. నలిపినా ఒక సమస్య ఉంది, అది నాకు గురివింద గింజే చూపించింది. నిగనిగలాడే పెంకు పురుగుల మీద ఆ మడతలన్నీ వంద చుక్కలుగా కనిపిస్తాయి. గొంగళిపురుగు, చిమ్మట లాంటి నూగు ఉన్నవాటికి వాడండి. పెంకు పురుగులకి వద్దు.

స్టీల్ టిఫిన్ మూత: వాడి వాడి గీతలు పడ్డదైతే మరీ మంచిది. కొత్త మూత అద్దంలా కొడుతుంది, పాతది ఎండని కాస్త చెదరగొట్టి పంపిస్తుంది. గుండ్రంగా అంచుతో ఉంటుంది కాబట్టి నేల మీద రాయికి ఆనించి వదిలేయొచ్చు. అంటే మూడో చెయ్యి అక్కర్లేదు! నేను రేకు అట్టలు వదిలేసి మూతకి మారింది ఈ ఒక్క కారణంతోనే.

అద్దం: ఇది బలమైనదీ, ప్రమాదమైనదీ. ఒక ఏప్రిల్ ఉదయం బాల్కనీలో గొంగళిపురుగు మీదికి చిన్న అద్దంతో ఎండ కొట్టాను. నిమ్మ, కరివేపాకు మొక్కల మీద పెరిగే ఈ సీతాకోకచిలుక పిల్లలకి కోపమొస్తే తల వెనక నుంచి చీలిన నాలుకలాంటి ఎర్రటి కొమ్ము బయటికి తీస్తాయి. దాన్నుంచి ఘాటైన వాసన వస్తుంది. అర నిమిషంలోపే కొమ్ము బయటికొచ్చింది. ఫోటో అద్భుతంగా వచ్చింది, నాకు మాత్రం సిగ్గేసింది. అటు నుంచి ఎండ, ఇటు నుంచి అద్దం, దానికి అది పెనం మీద కూర్చోబెట్టినట్టే. అప్పటి నుంచి అద్దాన్ని నేరుగా పురుగు మీదికి తిప్పడం లేదు.

అద్దానికి అసలు పని వేరే ఉంది. చెట్ల కింద నీడలో ఉన్నప్పుడు, మూడు మీటర్ల అవతల నేల మీద ఎండ ముక్క ఒకటి పడుతుంటుంది. అక్కడ అద్దం పెట్టి ఆ ఎండని మన వైపు తిప్పి, పురుగు పక్కన పట్టుకున్న ఇడ్లీ గుడ్డ మీద పడేట్టు చేస్తే గుడ్డ అంతా వెలుగుతుంది. నీడలో కిటికీ తెరిచినట్టుంటుంది. మా అన్నయ్య కూతురికి ఎనిమిదేళ్లు, అద్దం తిప్పే ఉద్యోగం తనదే. జీతం ఒక మ్యాంగో ఐస్‌క్రీం. డబ్బా మూత నాకు.

టార్చ్, ఎల్ఈడీ

దీని మీద నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. పగటిపూట ఫోటోలకి చిన్న ఎల్ఈడీ ప్యానెల్ కొనడం దండగ. కంటికి ఎంతో వెలుగు కొట్టినట్టుంటుంది కానీ, ఎండ ముందు దివిటీ దివిటీయే. గుడ్డ వేశాక మిగిలేది ఇంకా తక్కువ. షటర్ 1/250కి తేవాలంటే మళ్లీ ఐఎస్‌ఓ పెంచాల్సిందే. చవక లైట్లలో ఇంకో తంటా ఉంది, ఎరుపు సరిగా రాదు. ఆరుద్ర పురుగు మఖమల్ ఎరుపు ఇటుక రంగులో వస్తుంది. కొనాలనే ఉంటే డబ్బా మీద సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 95, ఆ పైన ఉన్నది చూడండి. కొన్ని లైట్లు మన కంటికి తెలియకుండా మినుకుమంటాయి, ఫోటోలో అడ్డ పట్టీలు పడతాయి. కొనేముందు షటర్ 1/1000 పెట్టి ఆ లైటుతో ఒక తెల్ల కాగితాన్ని తీసి చూస్తే తెలిసిపోతుంది.

మూడు పనులకి మాత్రం దీనికి సాటి లేదు. వీడియోకి ఫ్లాష్ పనికిరాదు, ఇదే దిక్కు. రాత్రిపూట ఫోకస్ చేయడానికి ఏదో ఒక వెలుగు ఉండాలి. మూడోది వెతకడం: టార్చిని నుదుటి దగ్గర, కంటికి ఆనుకుని పట్టుకుని గడ్డి మీదికి వేస్తే తోడేలు సాలీళ్ల కళ్లు వజ్రపు పొడిలా మెరుస్తాయి. చేయి కిందికి దించి వేస్తే కనిపించవు. రాత్రి వెళ్లేవాళ్లు బూట్లు వేసుకునే వెళ్లండి, గడ్డిలో సాలీళ్లొక్కటే ఉండవు.

కెమెరా సొంత ఫ్లాష్‌కి ఐస్‌క్రీం మూత

చాలా కెమెరాల నెత్తిన ఒక చిన్న ఫ్లాష్ ఉంటుంది. పెళ్లిళ్లలో మొహాల్ని సుద్దముక్కల్లా చేస్తుందని దాన్ని అందరూ తిట్టుకుంటారు. పురుగు దూరం పదిహేను సెంటీమీటర్లే కాబట్టి ఇక్కడ దాని బలం కావాల్సినంత. సమస్య ఏంటంటే లెన్స్ దానికి అడ్డం, పురుగు మీద లెన్స్ నీడ పడుతుంది.

దీనికి ఫ్యామిలీ ప్యాక్ ఐస్‌క్రీం డబ్బా మూత చాలు. తెల్లది, వెలుగు కాస్త అవతలికి కనిపించేది. మధ్యలో లెన్స్ దూరేంత గుండ్రంగా కోసి, లెన్స్ మూతి దగ్గరికి తొడగాలి. ఫ్లాష్ వెనక నుంచి కొట్టగానే మూత పై సగం అంతా వెలుగుతుంది. పురుగుకి అది తల మీద వెలిగే పెద్ద పళ్లెం. కింది నీడకి టిఫిన్ మూతో తెల్ల కాగితమో పెడితే అయిపోయింది. కెమెరాని మాన్యువల్‌లో పెట్టి ఎఫ్/11, షటర్ 1/200, ఐఎస్‌ఓ 400తో మొదలుపెట్టండి. పొడి ఆకుల్లో నడిచే చీమ కూడా ఆగినట్టు వస్తుంది, ఎందుకంటే ఫ్లాష్ వెలిగేదే సెకనులో వెయ్యో వంతు, ఇంకా తక్కువ.

లోపాలు లేకపోలేదు. వరసగా ముప్ఫై నలభై తీస్తే చిన్న ఫ్లాష్ వేడెక్కి కాసేపు మొరాయిస్తుంది. బ్యాటరీ కూడా తినేస్తుంది. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి అసలు ఈ ఫ్లాషే ఉండదు.

చిప్స్ డబ్బా చిట్కా మీరు వినే ఉంటారు. లోపల వెండి పూతున్న పొడుగు గొట్టాన్ని ఫ్లాష్‌కి తొడిగి, మూతికి బటర్ పేపర్ కట్టి, వెలుగుని లెన్స్ ముందుకి చేర్చడం. నిజంగానే చేరుతుంది. కానీ ఆ గొట్టం మూతి ఏడెనిమిది సెంటీమీటర్లే, గురివింద మీద చిన్న గుండ్రటి మెరుపే వస్తుంది. పైగా ముందుకి పొడుచుకొచ్చిన ఆ గొట్టం ప్రతి కొమ్మకీ తగులుతుంది. దానికొచ్చినంత పేరు దానికి రావాల్సింది కాదని నా అభిప్రాయం. గొట్టం మూతి దగ్గర ఇంకో పెద్ద తెల్ల కాగితం వేలాడదీస్తే బాగుపడుతుంది, కానీ అప్పుడు గొట్టం దేనికి?

విడి ఫ్లాష్, ఫోమ్ షీట్

డబ్బు పెట్టగలిగితే ఇక్కడే పెట్టండి. ఖరీదైనది అక్కర్లేదు, బలాన్ని చేత్తో 1/8, 1/16 అని తగ్గించుకోగలిగే మాన్యువల్ ఫ్లాష్ చాలు. తక్కువ బలంలో అది వెలిగే సమయం ఇంకా చిన్నది, బ్యాటరీలూ చాలాసేపు వస్తాయి.

డిఫ్యూజర్ మాత్రం కొనకండి. స్కూలు పిల్లల క్రాఫ్ట్ పనులకి అమ్మే పల్చటి తెల్ల ఫోమ్ షీట్ కోఠి, అబిడ్స్‌లో ఏ పెద్ద స్టేషనరీ షాపులోనైనా దొరుకుతుంది. దాన్ని ఫ్లాష్ తల మీద నుంచి లెన్స్ మూతి దాకా పందిరిలా వంచి రబ్బరు బ్యాండ్లతో కట్టాలి. ముందు కొసన ట్రేసింగ్ పేపర్ ఒక పొర అంటించాలి. ఫ్లాష్ వెలుగు ఫోమ్ లోపలి వైపు తగిలి, చెదిరి, ట్రేసింగ్ పేపర్ గుండా దిగుతుంది. పొరకీ పొరకీ మధ్య ఖాళీ ఉంటేనే మెత్తదనం. రెండూ అతుక్కుని ఉంటే వెలుగు తగ్గడం తప్ప లాభం లేదు. ఇది నేను మూడు నమూనాలు పాడుచేశాక తెలుసుకున్నాను.

ఫ్లాష్ వాళ్లందరికీ వచ్చే ఫిర్యాదు, వెనకంతా నల్లగా వస్తోంది, పగలు తీసినా రాత్రిలా ఉందని. పురుగు దగ్గరుంది కాబట్టి దానికి వెలుగు అందింది, వెనక చెట్టుకి అందలేదు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే. మందు రెండు రకాలు. పురుగు వెనక జానెడు దూరంలో ఏదైనా ఆకు వచ్చేట్టు కోణం మార్చుకోవడం సులువు. లేదా ఐఎస్‌ఓ 800కి పెంచి, షటర్‌ని 1/60కి దించి, ఫ్లాష్ బలం తగ్గించి వెనకున్న సహజ వెలుగుని కూడా లోపలికి రానివ్వడం. గాలి ఉంటే పురుగు చుట్టూ దెయ్యంలాంటి నీడ వస్తుంది, జాగ్రత్త.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఫ్లాష్‌లు కారుచవగ్గా కనిపిస్తాయి. ఫిల్మ్ కాలం నాటి కొన్నింటి ట్రిగ్గర్ వోల్టేజ్, అంటే ఫ్లాష్ వెలిగేటప్పుడు కెమెరా మీద పడేది, 200 వోల్టులు దాటుతుంది, డిజిటల్ కెమెరా మీద పెడితే కెమెరా సర్క్యూట్ పోవచ్చు. నాకు తెలిసిన ఒకాయన అలా మూడొందల ఫ్లాష్‌తో ముప్ఫై వేల కెమెరా పోగొట్టుకున్నాడు. లెన్స్ చుట్టూ గుండ్రంగా తొడిగే రింగ్ లైట్ల గురించి ఒక్క మాట: వెలుగు చదునుగా పడుతుంది, సాలీడు కంట్లో గారె కనిపిస్తుంది.

చోటుని బట్టి

హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్క్ 1998లో జాతీయ పార్క్ అయింది. లోపల దట్టమైన నీడ, వాకింగ్ దారి మీద జనం. గొడుగులు, అద్దాలు పరిచి కూర్చునే చోటు కాదది. కెమెరాకి అనుమతి గేటు దగ్గర అడిగి, అతుక్కుని ఉండే ఫ్లాష్ సరంజామాతోనే వెళ్లాలి. ఒకరోజు చెట్టు మొదట్లో బోర్లా పడుకుని చీమల్ని తీస్తుంటే ఒక పెద్దాయన నడక ఆపి, "ఏం పడ్డది బిడ్డా? నన్ను గూడ దేవులాడమంటవా?" అన్నారు. చీమలు అని చెప్పాక ఆయన కూడా వంగి పావుగంట చూశారు.

హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు దీనికి పూర్తిగా ఎదురు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చెరువది. పక్షుల కోసం వెళ్లేవాళ్లే ఎక్కువ, కానీ గట్టు మీద గడ్డిలో తూనీగలకి కొదవ లేదు. నీడ ఉండదు, గాలి ఆగదు. గుడ్డ పట్టుకుంటే గాలిపటమవుతుంది. ఉదయం ఎనిమిదిన్నర లోపు టిఫిన్ మూత, ఆ తర్వాత ఫ్లాష్.

వానాకాలం వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకి వెళ్లేవాళ్లకి ట్రేసింగ్ పేపర్ తడిసి పీలికలవుతుంది. ఐస్‌క్రీం మూతకి ఆ బాధ లేదు, తుడిస్తే చాలు.

మీరు ఎవరైతే ఏది?

ఫోన్‌తో తీసేవాళ్లు ఫోన్ ఫ్లాష్ మర్చిపోండి. క్లిప్ లెన్స్ పెట్టాక ఫోన్ నీడే పురుగు మీద పడుతుంది. ఎండ పక్క నుంచి వచ్చేట్టు నిలబడి, ఆ వైపు ఇడ్లీ గుడ్డ, ఈ వైపు తెల్ల కాగితం పెట్టుకోండి. ఉదయం ఏడు, ఎనిమిది మధ్య అయితే ఒక్క కాగితమే చాలు. జిల్లేడు మొక్కతో మొదలుపెట్టండి. ఏ ఖాళీ ప్లాటులోనైనా ఉంటుంది, దాని మీద రంగురంగుల మిడతో, పసుపు పచ్చ పేనుబంకో, చారల గొంగళిపురుగో ఏదో ఒకటి దొరుకుతుంది. పేనుబంక ఎక్కడికీ పారిపోదు.

లెన్స్ తిరగేసి వాడేవాళ్లకి నాలుగైదు సెంటీమీటర్ల సందే ఉంటుంది కాబట్టి పెద్ద మూత కొమ్మలకి తగులుతుంది. విడి ఫ్లాష్ ఉంటే దాని ఫోమ్ పందిరిని లెన్స్ కంటే ముందుకి లాగి కిందికి వంచండి. లేకపోతే టిఫిన్ మూతతో నడిపించొచ్చు, ఓపిక కావాలి.

మాక్రో లెన్స్ ఉండి, నెలకి రెండుసార్లు బయటికెళ్లేవాళ్లు కెమెరాలో ఫ్లాష్ ఉంటే ముందు ఐస్‌క్రీం మూతతో మూడు నెలలు గడపండి. అప్పటికీ ఈ పిచ్చి వదలకపోతే విడి ఫ్లాష్ కొనండి. వారం వారం వెళ్లేవాళ్లు ఆ మూడు నెలలు ఆగక్కర్లేదు.

ఫ్లాష్ వల్ల పురుగుకి హాని అనే భయంతో ఆగేవాళ్లకి ఒక మాట. మెత్తబరిచిన ఫ్లాష్‌కి చాలా పురుగులు పట్టించుకోనట్టే ఉండటం చూశాను. అద్దం వేడితో పోలిస్తే నయం. అయినా అప్పుడే గూడులోంచి వచ్చి రెక్కలు ఆరబెట్టుకుంటున్న సీతాకోకచిలుకని వదిలేయండి. కదలకుండా ఉంటాయని పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చేవాళ్లున్నారు, వాళ్లకి ఏ లైటూ సిఫార్సు చేయను.

ఇక తొలకరికి ఆరుద్ర పురుగుల కోసం ఎదురుచూసేవాళ్లు. ఆరుద్ర కార్తె అంటే జూన్ చివరి వారం, జూలై మొదటి రోజులు. వాన పడ్డ మర్నాడు ఉదయం ఎర్రమట్టి నేల మీద చూడాలి. దీని ఒంటికి మెరుపు లేదు, నూగు ఉంది. పై నుంచి మెత్తటి వెలుగు వేస్తే ఎర్రటి బొట్టుబిళ్లలా చదునుగా వస్తుంది. ఇంతదాకా చెప్పినదానికి భిన్నంగా, ఇక్కడ వెలుగు ఒక పక్క నుంచి, నేలకి ఆనుకుని, కాస్త గట్టిగానే పడాలి. పాత టిఫిన్ మూతని మట్టిలో అంచు గుచ్చి నిలబెట్టండి, ఫోటో స్క్రీన్ మీద ఎరుపు పేలిపోయి కనిపిస్తే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించండి. మోకాళ్ల కింద వేసుకోవడానికి గోనెసంచి మర్చిపోకండి.